సెన్సర్ లైట్లు: ముందు ఖాళీ గదుల లెక్క తీయండి

ప్రశ్న: సొంత బిల్డింగ్‌లో చిన్న ఆఫీసు నడుపుతున్నాం. మొత్తం 40 ఎల్‌ఈడీ ప్యానెల్ లైట్లు, ఒక్కోటి 36 వాట్లు. పొద్దున వేస్తే రాత్రికే ఆపుతాం, రోజుకు 11 గంటలు, ఏడాదికి 300 రోజులు. గదిలో మనుషులు లేకపోతే లైట్లు ఆరిపోయేలా, పగటి వెలుతురు ఉంటే తగ్గిపోయేలా సెన్సర్లు బిగిస్తానని ఒక కాంట్రాక్టర్ కొటేషన్ ఇచ్చాడు. లైట్ల కరెంటు 60 శాతం తగ్గుతుందట, మూడేళ్లలో పెట్టుబడి తిరిగొచ్చేస్తుందట. ఆరు నెలల ఖర్చులకని పక్కన పెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి ఉంది. అది తీసి చేయించాలా, లోన్ తీసుకోవాలా? మా పార్ట్‌నరేమో ఇదంతా దండగ అంటున్నారు. కొటేషన్, ఆఫీసు ప్లాన్ జత చేస్తున్నాను.

జవాబు: డిపాజిట్ జోలికి వెళ్లకండి. లోనూ వద్దు. అలాగని పని మానుకోమనీ అనను. కొటేషన్‌లో సుమారు తొమ్మిదో వంతు పని మాత్రం వీలైతే ఈ నెలలోనే చేయించండి. మిగతాదాంట్లో కొంత ఆగాలి, కొంత అసలు వద్దు. ఎందుకో చెబుతాను.

ఇలాంటి వాటిని నేను డబ్బులో లెక్కపెట్టను, యూనిట్లలో లెక్కపెడతాను. మీ కొటేషన్ మొత్తాన్ని మీ కరెంటు యూనిట్ రేటుతో భాగిస్తే సుమారు 9,000 యూనిట్ల ఖరీదు అని తేలింది. ఇక్కడ తీసుకోవాల్సింది సగటు రేటు కాదు, బిల్లులో ఆఖరి శ్లాబు రేటు. వాడకం తగ్గితే ముందు తగ్గేది అక్కడే. ఫిక్స్‌డ్ ఛార్జీలు సెన్సర్ పెట్టినా, పెట్టకపోయినా మామూలుగానే వస్తాయి. వాటిని కూడా కలిపేసి ఆదా చూపించే కొటేషన్లు చాలానే చూశాను.

మీ లైట్లన్నీ కలిపి ఏడాదికి తాగే కరెంటు 4,752 యూనిట్లు. అందులో 60 శాతం అంటే సుమారు 2,850. ఆ ప్రకారం 9,000 యూనిట్ల ఖరీదు మూడేళ్ల పైచిలుకులో తిరిగి రావాలి. కాంట్రాక్టర్ భాగహారంలో తప్పులేదు. ఆ 60 ఎక్కణ్నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. కొటేషన్ రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది చూడండి: మనుషులు లేకపోతే ఆపే ఆక్యుపెన్సీ సెన్సర్లకు 30 శాతం, పగటి వెలుతురును బట్టి తగ్గించే డేలైట్ సెన్సర్లకు 30 శాతం.

ఆ రెంటినీ అలా కూడకూడదు. మధ్యాహ్నం కిటికీ పక్క లైటును డేలైట్ సెన్సర్ 40 శాతానికి దించిందనుకోండి. ఆ కుర్చీలో మనిషి లేచి వెళ్లాక ఆక్యుపెన్సీ సెన్సర్ ఆపగలిగేది ఆ మిగిలిన 40నే. ఒకసారి మిగిలిన కరెంటు రెండోసారి మిగలదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లేబొరేటరీ పరిశోధకులు 2011లో 88 పత్రాలను జల్లెడ పట్టి వాణిజ్య భవనాల్లో ఈ ఆదా ఎంతో సగటు తీశారు. మనుషుల్ని పసిగట్టే సెన్సర్లతో 24 శాతం, పగటి వెలుతురుతో 28 శాతం వచ్చింది. ఒకటికి మించి పద్ధతులు కలిపి వాడినచోట 52 రాలేదు, 38 వచ్చింది. కంప్యూటర్‌లో వేసిన అంచనాలు పగటి వెలుతురు ఆదాను నిజ భవనాల్లో కంటే ఎక్కువ చేసి చూపిస్తాయని కూడా వాళ్లే తేల్చారు.

38 శాతంతో లెక్కేస్తే ఏడాదికి 1,806 యూనిట్లు మిగులుతాయి. అంటే మూడేళ్లు కాస్తా ఐదేళ్లయింది. ఐదేళ్లయినా పర్లేదు కదా అనిపించవచ్చు. అది సెన్సర్లు ఎన్నాళ్లు పనిచేస్తాయన్నదాని మీద ఉంటుంది. పదేళ్లు నడిస్తే మీ పెట్టుబడికి ఏటా 15 శాతం రాబడి వచ్చినట్టు. ఆరేళ్లకే మూలన పడితే ఐదున్నర శాతం. ఐదేళ్లకే పోతే సున్నా, పెట్టిన డబ్బు వెనక్కి వచ్చింది, అంతే. వారంటీ కాగితంలో ఎన్నేళ్లుందో చూసి, ఈ మూడింట్లో మీది ఏదో మీరే చెప్పండి.

సగటును పక్కన పెట్టి గదుల్లోకి వెళ్దాం. అసలు విషయం అక్కడే ఉంది. ఒక్కో లైటు ఏడాదికి సుమారు 119 యూనిట్లు తాగుతుంది. మీటింగ్ రూమ్‌లో నాలుగు లైట్లు, రోజుకు రెండు గంటలకు మించి వాడం అని ప్లాన్ మీద రాశారు, కానీ వెలిగేది 11 గంటలు. మనుషులు వెళ్లాక ఆరడానికి పట్టే నిమిషాలు కూడా కలిపి మూడు గంటలు వెలుగుతుందనుకున్నా, 345 యూనిట్లు మిగులుతాయి. రెండు టాయిలెట్లలో కలిపి నాలుగు లైట్లు, అక్కడ 60 శాతం ఖాళీగానే వెలుగుతున్నాయనుకుంటే 285. స్టోర్ రూమ్‌లో రెండు లైట్లు, రోజు మొత్తంలో అరగంట కూడా పని ఉండదు, అక్కడ 214. నాలుగు సెన్సర్లతో 844 యూనిట్లు. సెన్సర్ కూడా కరెంటు తింటుంది సుమా! అర వాటు తీసుకునే సెన్సర్ ఏడాదంతా మేలుకునే ఉంటే 4.4 యూనిట్లు దానికే పోతాయి. నాలుగింటికీ తీసేస్తే 827 చేతిలో ఉంటాయి. ఈ నాలుగింటికి కొటేషన్‌లో రాసింది 1,000 యూనిట్ల ఖరీదు. పద్నాలుగున్నర నెలల్లో తిరిగొస్తుంది. మూడేళ్లకు పాడైపోయినా మీకు నష్టం లేదు.

ఇప్పుడు హాలు లోపలి 14 లైట్లు చూడండి. అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరో ఒకరు ఉంటారు. ఆక్యుపెన్సీ సెన్సర్ పెడితే మహా అయితే 5 శాతం, అంటే 83 యూనిట్లు తగ్గుతాయి. అందులో నాలుగు సెన్సర్లు తినేది పోగా 65. ఈ లైట్లకు, రెండు క్యాబిన్లకు, అన్నిటినీ ఫోన్‌లో చూపించే కంట్రోల్ ప్యానెల్‌కు కలిపి 5,000 యూనిట్ల ఖరీదు వేశాడు. క్యాబిన్లలో మీరిద్దరే కూర్చుంటారు కదా. లేచేటప్పుడు స్విచ్ నొక్కండి. మీ పార్ట్‌నర్ దండగ అన్నది ఈ భాగం గురించైతే ఆయన మాటకే నా ఓటు. పైగా ఆ ఫోన్ యాప్‌కు రెండో ఏడాది నుంచి చందా ఉందేమో అడగండి.

కిటికీ వరుస సంగతి వేరు. ఆరు లైట్లు, ఏడాదికి 713 యూనిట్లు. పగటి వెలుతురు హాలు లోపలికంటా రాదు. కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, దానికి ఒకటి నుంచి ఒకటిన్నర రెట్ల దూరం వరకే పనికొచ్చే వెలుతురు ఉంటుంది. పైఅంచు రెండు మీటర్ల ఎత్తులో ఉంటే రెండు, మూడు మీటర్లు, అంతే. కాబట్టి డేలైట్ సెన్సర్ ఈ ఒక్క వరుసకే అర్థవంతం. ఇక్కడా ఒక చిక్కుంది. మామూలు ఎల్‌ఈడీ లైట్ల డ్రైవర్లు, అంటే లైటుకు కరెంటు అందించే చిన్న పెట్టెలు, వెలుగును తగ్గించలేవు. వెలగడం, ఆరడం తప్ప మరోటి తెలియదు. సెన్సర్ చెప్పినట్టు మెల్లగా తగ్గాలంటే డిమ్ అయ్యే డ్రైవర్లు వేయాలి. అందుకే ఈ ఆరు లైట్లకే 2,400 యూనిట్ల ఖరీదు అయింది. 30 శాతం ఆదా వచ్చినా ఏడాదికి 214 యూనిట్లు. పదకొండేళ్లు పడుతుంది. ఈలోపు ఎండ కళ్లలో పడుతోందని ఎవరో ఒకరు కర్టెన్ లాగేస్తారు, దాంతో ఆ ఆదా కూడా పోతుంది.

దీనికి చౌకైన మందు మీ ప్లాన్‌లోనే కనిపించింది. హాలు లైట్లను కిటికీ గోడ నుంచి లోపలికి వెళ్లే వరుసలుగా స్విచ్‌లకు కలిపారు. దాంతో ఏ స్విచ్ ఆపినా కిటికీ దగ్గరి లైటుతో పాటు మధ్యలో కూర్చున్నవాళ్ల లైటూ ఆరుతుంది, వాళ్లు వెంటనే మళ్లీ వేస్తారు. కిటికీకి సమాంతరంగా ఉన్న ఆరింటినీ విడిగా ఒకే స్విచ్ మీదికి తెప్పించండి. ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని, సుమారు 150 యూనిట్ల ఖరీదు. మర్చిపోయే రోజులు పోను సగటున రోజుకు రెండు గంటలు ఆపినా 130 యూనిట్లు మిగులుతాయి. ఇదీ పద్నాలుగు నెలల్లోనే తిరిగొస్తుంది. ఆ ప్యానెళ్లు పాడై మార్చాల్సి వచ్చిన రోజున డిమ్ అయ్యే డ్రైవర్లు ఉన్నవి కొనండి. అప్పుడు మీ చేతి నుంచి అదనంగా పోయేది ధరల మధ్య తేడా మాత్రమే.

కారిడార్, మెట్ల దగ్గరి ఆరు లైట్లను రెండో విడతకు ఉంచండి. మెట్లు పూర్తిగా చీకటి కాకూడదు. మూడు ఎప్పుడూ వెలిగేలా, మూడు సెన్సర్ మీద ఉండేలా చేయిస్తే చాలు. 600 యూనిట్ల ఖరీదుకు ఏడాదికి సుమారు 210 మిగలవచ్చు.

పైన టాయిలెట్లకు నేను వేసిన 60 శాతం లాంటివి నా అంచనాలు. మీ ఆఫీసు నిజం మీకు తెలియాలంటే ఒక వారం నోట్‌బుక్ పెట్టండి. రోజుకు ఐదారుసార్లు, వేళాపాళా లేకుండా, ఆ గదుల ముందు నుంచి వెళ్తూ రెండే విషయాలు రాయండి: లైటు వెలుగుతోందా, లోపల ఎవరైనా ఉన్నారా. 30 సార్లు చూస్తే 18 సార్లు ఖాళీ గదిలో లైటు కనిపించిందంటే, 60 శాతం అన్నమాట. ఈ పని కాంట్రాక్టర్‌కు అప్పగించకండి. మీ పార్ట్‌నర్‌కు ఇవ్వండి, దండగ అన్న మనిషి లెక్కనే నేను ఎక్కువ నమ్ముతాను.

సెన్సర్ బిగించడంతో పని అయిపోదని నాకు తెలిసింది డబ్బు పోగొట్టుకున్నాకే. కొన్నేళ్ల క్రితం నా గదిలో, బయట హాల్లో పీఐఆర్ సెన్సర్లు పెట్టించాను. పీఐఆర్ మనిషి ఒంటి వేడి కదలికను చూస్తుంది. కదలకుండా కూర్చున్న మనిషి దానికి లేనట్టే లెక్క. ఒక సాయంత్రం భార్యాభర్తలిద్దరు నా ఎదురుగా కూర్చుని ఇన్సూరెన్స్ కాగితాలు చదువుకుంటున్నారు. గదిలో చప్పుడు లేదు. టక్కున చీకటైంది. ఆయన కాగితం పట్టుకునే రెండు చేతులూ పైకెత్తి ఊపారు, వెలుగు రాలేదు, ఎందుకంటే సెన్సర్‌కూ ఆయనకూ మధ్య నా బీరువా ఉంది. నేను లేచి గది మధ్యకు వెళ్లి చేతులూపాల్సి వచ్చింది. తర్వాతి వారం మా సిబ్బందిలో ఒకరు బయట హాల్లోని సెన్సర్లన్నిటినీ ఆటో నుంచి ‘ఎప్పుడూ ఆన్’కు మార్చేశారు, పక్కనున్న స్విచ్‌లను ఎవరూ కదపకుండా టేపు వేశారు. రాత్రంతా, ఆదివారాలు కూడా లైట్లు వెలిగాయి. రెండు నెలల బిల్లులు చూశాక గానీ నాకు తెలియలేదు. చివరికి చూస్తే, బిగించినవాళ్లు పరీక్ష కోసం లైటు ఆరే ఆలస్యం నాబ్‌ను ఒక నిమిషానికి తిప్పి, అలాగే వదిలేసి వెళ్లారు. స్క్రూడ్రైవర్‌తో పావు వంతు తిప్పితే పోయేదానికి అంత గొడవ.

అందుకే పని ఒప్పుకునే ముందు ఇవి కాగితం మీద రాయించుకోండి. మీటింగ్ రూమ్, స్టోర్ రూమ్‌లలో లైటు చేత్తో వేస్తేనే వెలగాలి, ఆరడం మాత్రం దానంతటదే ఆరాలి. తలుపు ముందు నుంచి ఎవరు నడిచినా వెలిగే గది మీకేం ఆదా చేయదు. టాయిలెట్లలో అటూ ఇటూ ఆటో ఉండాలి, పైగా పీఐఆర్ అడ్డుగోడల వెనక్కి చూడలేదు కాబట్టి అక్కడ అల్ట్రాసోనిక్ (చెవికి వినపడని శబ్ద తరంగాలతో కదలికను పసిగట్టేది) కలిసిన రకం అడగండి. మీటింగ్ రూమ్‌లోనూ కదలకుండా కూర్చునేవాళ్లే ఎక్కువ, అక్కడా అదే రకం మేలు, అయితే ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెడితే ఖాళీ గదిలోనూ ఎవరో ఉన్నారనుకుంటుంది. ఆరే ఆలస్యం 15 నిమిషాలతో మొదలుపెట్టండి. ఎవరూ సణక్కపోతే 10కి తగ్గించండి. ఎల్‌ఈడీ లైట్లు వెలిగే క్షణంలో లోపలికి దూకే కరెంటు చాలా ఎక్కువ, సెన్సర్‌లో లైటును వేసి ఆపే రిలే దాన్ని తట్టుకునేది కాకపోతే కాంటాక్టులు అతుక్కుపోయి లైటు ఇక ఆరదు. సెన్సర్ మీద ఎల్‌ఈడీ లోడ్ ఎంతో విడిగా రాసి ఉండాలి. స్విచ్ బోర్డులో న్యూట్రల్ వైరు ఉందో లేదో ముందే విప్పి చూడమనండి, లేకపోతే మధ్యలో వైరింగ్ ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

ఇక డబ్బు సంగతి. మొదటి విడత, స్విచ్ మార్పుతో కలిపి, 1,150 యూనిట్ల ఖరీదు. మీ లైట్లకు మూడు నెలల్లో అయ్యే కరెంటు ఖర్చు కంటే కాస్త తక్కువే. ఇంత చిన్న పనికి లోను ప్రాసెసింగ్ ఫీజు కట్టడం ఎందుకు? డిపాజిట్ మీ క్లయింట్లు పేమెంట్ ఆలస్యం చేసిన నెలలో జీతాలు ఇవ్వడానికి ఉంది, దాని పని దాన్ని చేయనివ్వండి. నెలవారీ మిగులులోంచి రెండు మూడు నెలల్లో ఇది కట్టేయొచ్చు. లైట్లు మారిన నెల నుంచి, 80 యూనిట్లకు ఎంతవుతుందో అంత సొమ్ము ప్రతినెలా దానంతటదే రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లేలా బ్యాంకులో పెట్టండి. బిల్లులో తగ్గింది అలా విడిగా తీయకపోతే ఎక్కడికి పోయిందో కనిపించదు. సుమారు పద్నాలుగున్నర నెలలకు మొదటి విడత ఖర్చు అందులో కూడుతుంది. ఆపైన ఇంకో ఏడెనిమిది నెలలకు కారిడార్ పనికి డబ్బు సిద్ధం.

కాంట్రాక్టర్‌కు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ఐదో వంతు ఆపి, నెల రోజులు వాడి చూశాక, అతను మళ్లీ వచ్చి ఆ ఆలస్యం నాబ్‌లు సరిచేసి వెళ్లాకే ఇవ్వండి.