పొగాకు మీద నేరం మోపకండి

"అమెరికాలోని తొలి ఇంగ్లిష్ వలసల్లో పొగాకు వేయకపోయి ఉంటే బానిసత్వం వచ్చేది కాదంటారు, నిజమేనా?" అని అడిగారు. నిజం కాదు. మాది ప్రకాశం జిల్లా, పొగాకు రైతు కుటుంబం. పెళ్ళయ్యాక వర్జీనియాలో రిచ్‌మండ్ దగ్గర స్థిరపడ్డాను. మా ఊళ్ళో ఈ పంటను ఇప్పటికీ 'వర్జీనియా' అనే పిలుస్తారు. అందుకే ఈ విషయంలో నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

రెండేళ్ళ కిందట మా నాన్న వచ్చినప్పుడు జేమ్స్‌టౌన్‌కి తీసుకెళ్ళాం. కారులో గంట ప్రయాణం. 1607లో ఇంగ్లిష్‌వాళ్ళు దిగి, ఆకలి చావులు తట్టుకుని నిలబడ్డ ఊరది. అక్కడి మ్యూజియంలో అప్పటి కోటను మళ్ళీ కట్టి, ఓ చిన్న మడిలో పొగాకు వేశారు. నాన్న కోట వైపు చూడనే లేదు. నేరుగా మడి దగ్గరికెళ్ళి, ఆకు మొదట్లో పుట్టిన పిలకను రెండు వేళ్ళతో గిల్లేశాడు. "పిలకలు తీయకపోతే ఆకు బరువెట్లా వస్తది తల్లీ?" అన్నాడు.

అప్పటి దుస్తులు వేసుకుని సందర్శకులకు వివరాలు చెప్పే ఉద్యోగి ఒకాయన అది చూసి నవ్వుతూ వచ్చాడు. నాన్న మాటలు నేను ఇంగ్లిష్‌లో, ఆయన మాటలు తెలుగులో చెప్పాను. నారు పోయడం, నాటడం, తల తుంచడం, పురుగు ఏరడం అంతా మనలాగే. కోశాక మాత్రం ఆకు కాల్చే మన బ్యారన్ గదుల్లోలా మంట పెట్టేవాళ్ళు కాదు, కొట్టాల్లో వేలాడదీసి గాలికి ఆరబెట్టేవాళ్ళు. మూడు నాలుగు పంటలకే నేల సారం పోయేది, మళ్ళీ కొత్తగా అడవి కొట్టేవాళ్ళు. ఆ అడవి అక్కడి మూలవాసులైన పౌహాటన్ తెగలది.

నాన్న అంతా విని, "కూలి ఎంతిచ్చేవాళ్ళు?" అని అడిగాడు.

మొదట్లో ఎక్కువగా ఇంగ్లండ్ పేద కుర్రాళ్ళే పని చేశారు. ఓడ ఖర్చు కింద నాలుగు నుంచి ఏడేళ్ళు చాకిరీ. 1618లో పెట్టిన పద్ధతి ప్రకారం, ఒక మనిషి ఓడ ఖర్చు పెట్టుకున్నవాడికి తలకు 50 ఎకరాలు. "వచ్చినోడికి కాదా, తెచ్చినోడికా!" అన్నాడు నాన్న. 1619 ఆగస్టులో వర్జీనియా తీరంలోని పాయింట్ కంఫర్ట్ దగ్గర ఓ ఓడ ఆగింది. అంగోలా నుంచి పట్టుకొచ్చిన ఇరవై మందికి పైగా మనుషుల్ని అక్కడ తిండి సరుకుల కోసం మార్చుకున్నారు. ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ళకు కూలీ లేదు, మెల్లమెల్లగా గడువు కూడా లేకుండా చేశారు.

"మరి వాళ్ళ పిల్లలు?"

ఆయన 1662 చట్టం గురించి చెప్పాడు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే. అది తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇంటికొచ్చాక రోజుల తరబడి దాని గురించే చదివాను. ఎలిజబెత్ కీ అనే ఆవిడ తల్లి ఆఫ్రికన్, తండ్రి ఇంగ్లిష్‌వాడు, వర్జీనియా చట్టసభ సభ్యుడు. ఇంగ్లండ్ పద్ధతిలో బిడ్డకు తండ్రి హోదాయే వస్తుంది కాబట్టి తనకు విడుదల కావాలని కోర్టుకెళ్ళి, 1656లో గెలిచింది. ఆరేళ్ళకు చట్టసభ ఆ దారి మూసేసింది. యజమాని బానిస స్త్రీతో బిడ్డను కంటే, ఆ బిడ్డ అతని ఆస్తిలో కలుస్తుంది. అంతకుముందే, 1643లో, ఆఫ్రికన్ స్త్రీలను పొలం పనివాళ్ళ కింద లెక్కేసి పన్ను వేశారు. ఇంగ్లిష్ స్త్రీలకు ఆ పన్ను లేదు. 1640లో ముగ్గురు పనివాళ్ళు కలిసి పారిపోతే, ఇద్దరు తెల్లవాళ్ళకు నాలుగేళ్ళు అదనంగా చాకిరీ, నల్లవాడైన జాన్ పంచ్‌కి బతికినంతకాలం. ఇవన్నీ పొగాకు మొక్క రాసిందా? పొలాలున్నవాళ్ళే కోర్టుల్లో, చట్టసభలో కూర్చుని రాశారు.

అదే పొగాకును చాలా ఏళ్ళు ఎక్కువగా గడువు కూలీలే పండించారు. కరీబియన్ దీవి బార్బడోస్‌లో చెరకు వేశారు, అక్కడా బానిసత్వమే. కరోలినాలో వరి వేశారు, అక్కడా అదే. వరి వల్ల బానిసత్వం వచ్చిందని ఎవరైనా అంటారా? ఏ పంటకైనా మనుషులు కావాలి. ఆ మనుషుల్ని ఎట్లా చూడాలన్నది భూమి ఉన్నవాడి నిర్ణయం.

ఈ పంట చాకిరీ నాకు తెలుసు. ఆకు కోసే రెలుపుల రోజుల్లో తెల్లారకముందే అమ్మ, కూలికొచ్చిన ఆడవాళ్ళు బ్యారన్ దగ్గర కూర్చుని కర్రలకు ఆకు అల్లేవాళ్ళు. బడికి పోయేముందు నేనూ అల్లేదాన్ని. వేళ్ళకు పట్టిన బంక నల్లబడి, సబ్బుతో ఎంత తోమినా వదిలేది కాదు. పక్కనే వేపచెట్టుకు చీర ఉయ్యాలలో వాళ్ళ పిల్లలు పడుకునేవాళ్ళు. వేలంలో ఎవరూ పాడక, నోబిడ్ అని మా బేళ్ళు వెనక్కొచ్చిన ఏడు కూలి డబ్బులు ఆలస్యమయ్యాయి. అది తప్పే, అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. కానీ సాయంత్రమయ్యేసరికి ఎవరి బిడ్డను వాళ్ళు చంకనేసుకుని ఇంటికి పోయేవాళ్ళు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. నేను చదివిన స్కూలు పుస్తకాల్లో ఇదంతా ఒక్క వాక్యం. ఇక్కడికొచ్చే మనవాళ్ళేమో పౌహాటన్ నాయకుడి కూతురు పోకహాంటస్ విగ్రహం దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారు. మ్యూజియానికి కాస్త దూరంలోనే అసలు తవ్వకాల చోటు ఉంది. కెప్టెన్ విలియం పియర్స్ ఇంటి స్థలం అక్కడే. 1625 జనాభా లెక్కలో ఆ ఇంట్లో ఏంజెలా అనే ఆఫ్రికన్ స్త్రీ ఉంది.

ఆ రోజు నాన్నను అక్కడికీ తీసుకెళ్ళాను. ఆ లెక్కలో ఆమె పేరు, ఆమెను తెచ్చిన 'ట్రెజరర్' ఓడ పేరు రాశారని చెప్పాను. నాన్న వేళ్ళకు పిలక బంక ఇంకా అంటుకునే ఉంది. "పిల్లలున్నారా ఆమెకి?" అని మళ్ళీ అడిగాడు.