డీజే సెట్ కొనే ముందు చెప్పండి: ఆషాఢంలో వాయిదా ఎవరు కడతారు?

ప్రశ్న: నా వయసు 25. గాజువాకలో ఉంటాం. పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో పనిచేస్తున్నాను, చేతికి 18,500 వస్తుంది. ఇంట్లో 10,500 ఇస్తాను, నా ఖర్చు 4,000. బ్యాంకులో 45,000 ఉన్నాయి. నాన్నకు షుగర్, పనికి వెళ్లడం మానేశారు. ఫ్రెండ్ కన్సోల్ మీద ఆరు నెలలుగా డీజే నేర్చుకుంటున్నాను, రెండు బర్త్‌డే ఫంక్షన్లు చేశాను. టాప్‌లు, బేస్ బాక్సులు, యాంప్లిఫయర్లు, లైట్లు, కన్సోల్ అన్నీ కలిపి 4 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. 2 లక్షలు పర్సనల్ లోన్ (16 శాతం, మూడేళ్లు), మిగతా 2 లక్షలు అమ్మ బంగారం మీద తీసుకుందామనుకుంటున్నాను. బంగారానికి నెలనెలా ఈఎంఐ ఉండదు కదా. ఈవెంట్‌కు 8,000 చొప్పున నెలకు ఆరు చేసినా 48,000. ఉద్యోగం మానేస్తే పూర్తిగా దీని మీదే ఉండొచ్చు. హెడ్‌ఫోన్లకీ ల్యాప్‌టాప్ రిపేరుకీ ఒక యాప్‌లో 12,000 తీసుకున్నాను, వడ్డీ నెలకు మూడు శాతమే. నాలుగు లక్షలూ బంగారం మీదే తీసుకుంటే మేలా?

జవాబు: ఈ అప్పు ఏ రూపంలోనూ వద్దు. బ్యాంకు నుంచి వద్దు, అమ్మ బంగారం మీద అసలే వద్దు.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఫొటోలు, వీడియోలు తీసేవాళ్లు, క్యాటరింగ్ పెట్టాలనుకునేవాళ్లు, షామియానా సామాను కొనాలనుకునేవాళ్లు కూడా నాకు ఇదే లెక్క పంపుతుంటారు. మంచి నెలలో ఎంత వస్తుందో చూసి, ప్రతి నెలా అంతే వస్తుందనుకుని అప్పు చేస్తారు. పెళ్లిళ్ల మీద ఆధారపడిన పనిలో ఏడాదికి పన్నెండు నెలల ఆదాయం ఉండదు.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. భాద్రపదంలో ఉండవు, పుష్యంలో ఉండవు. మూఢం వస్తే ఏ నెలైనా ఆగిపోతుంది. 2024 గుర్తు చేసుకోండి. శుక్ర మూఢం, గురు మూఢం కలిసొచ్చి మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేవు. అవి పోయేసరికి ఆషాఢం వచ్చింది. వేసవి సెలవులు, చుట్టాలంతా ఊళ్లో ఉండే రోజులు, సంగీత్‌లు, హల్దీలు దండిగా జరగాల్సిన సమయం అలా ఖాళీగా పోయింది. భాద్రపదంలో చవితి పందిళ్లు ఉన్నాయి కదా అంటారేమో. అక్కడ పోలీసు అనుమతి దొరికితేనే బాక్సులు మోగుతాయి, లేకపోతే బండి దిగకుండానే వెనక్కి వస్తాయి. పైగా 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ నిషిద్ధం. రుషికొండ నుంచి భీమిలి దాకా ఉన్న రిసార్టుల లాన్లకూ ఇదే వర్తిస్తుంది. ఇక అక్టోబరు, నవంబరు నెలల్లో సముద్రం సంగతి విశాఖలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక ఎన్ని రోజులు కరెంటు లేకుండా గడిపామో మీ అమ్మానాన్నలను అడగండి.

ఇప్పుడు మీ అంకెలే తీసుకుందాం. 2 లక్షల పర్సనల్ లోన్‌కు 16 శాతం చొప్పున మూడేళ్లకు నెల వాయిదా 7,031. బంగారానికి ఈఎంఐ లేదన్నది నిజమే, కానీ ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ ఒకేసారి కట్టాలి. వడ్డీ 10 శాతం అనుకున్నా 2,20,000. అంటే నెలకు 18,333 పక్కన పెడితేనే అమ్మ బంగారం ఇంటికి వస్తుంది. వడ్డీ కట్టి తిరగరాయించుకోవచ్చని చెబుతారు, కానీ అసలు అలాగే ఉండిపోతుంది. ఈ రెండింటికీ ఇంటి ఖర్చు, మీ ఖర్చు 14,500 కలిపితే నెలకు 39,864. మరి మీకు వచ్చేది? 8,000లో టాటా ఏస్ కిరాయి, బాక్సులు మోసే ఇద్దరు కుర్రాళ్ల కూలి, వాళ్ల భోజనం, కేబుళ్లు, రిపేర్లు మీరు లెక్క వేయలేదు. వాటికి 3,000 తీసేస్తే ఈవెంట్‌కు 5,000 మిగులుతుంది. ఆరు ఈవెంట్లకు 30,000. మీరు ఊహించుకున్న మంచి నెలలోనే దాదాపు పది వేలు తక్కువ పడుతోంది.

2024 లాంటి మూడు నెలలు వస్తే? ఇంటి ఖర్చుకు 43,500, పర్సనల్ లోన్ వాయిదాలకు 21,093, మొత్తం 64,593. మీ దగ్గరున్నది 45,000. బంగారం సంగతి ఇందులో ఇంకా కలపనే లేదు.

అందుకే మీకు ముందు కావాల్సింది అత్యవసర నిధి. కన్సోల్ కన్నా ముందు, బాక్సుల కన్నా ముందు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆరు నెలల ఖర్చు, అంటే 87,000 విడిగా ఉండాలి. ఉద్యోగం మానే రోజుకు తొమ్మిది నెలలది, అంటే 1,30,500 ఉండాలి. జీతగాడికి ఆరు నెలలు చాలు. ముహూర్తాల మీద బతికేవాడికి చాలవు, ఎందుకంటే పని దొరకని నెలలు విడివిడిగా రావు, వరసగా వస్తాయి. దానికి తోడు ఈవెంట్ మేనేజర్లు డబ్బు ఆలస్యం చేస్తారు. ‘క్లయింట్ ఇవ్వగానే ఇస్తా’ అన్న మాట ఈ రంగంలో కొత్తవాళ్లందరూ వింటారు. చేతిలో నిధి ఉన్నవాడు సగం అడ్వాన్స్ లేనిదే రాను అని చెప్పగలడు. వాయిదా తేదీ నెత్తిమీద ఉన్నవాడు ఎంతిస్తే అంతకు వెళ్తాడు. ఈ డబ్బును జీతం పడే ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, దానికి యూపీఐ జత చేయకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి.

ముందుగా ఆ యాప్ అప్పు ఈ వారమే తీర్చేయండి. నెలకు మూడు శాతమంటే ఏడాదికి 36 శాతం. ‘మూడు శాతమే’ అన్న ఆ ‘మే’ చూసి నాకు భయం వేసింది. అప్పు ఇచ్చింది ఏ బ్యాంకో, ఏ ఎన్‌బీఎఫ్‌సీనో (బ్యాంకు కాని రుణ సంస్థ) కాగితం మీద ఉందా? అన్ని ఛార్జీలూ కలిపి ఏడాది వడ్డీ ఎంతో చూపే పత్రం ముందే ఇవ్వాలని 2022లోనే రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. మీకు అది ఇవ్వకపోతే ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి, కానీ బాకీ పూర్తిగా తీర్చి, తీరినట్టు రాతపూర్వకంగా తీసుకున్నాకే. 12,000 పోతే 33,000 మిగులుతాయి. 87,000కు ఇంకా 54,000 కావాలి. నెలకు 4,000 చొప్పున పదమూడున్నర నెలలు పడుతుంది. వారాంతాల్లో వచ్చే ఈవెంట్ల డబ్బు కూడా అందులోనే వేస్తే ఇంకా ముందే అవుతుంది.

డీజే కావడం మానుకోమని నేను అనడం లేదు. మీకు ఇష్టమైన పని, ఆరు నెలలుగా ఓపికగా నేర్చుకుంటున్నారు. కానీ డీజే పని వేరు, సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే వ్యాపారం వేరు. మీ కొటేషన్‌లో ఎక్కువ భాగం రెండోదానికే పోతోంది. రిసార్టుల్లో, ఫంక్షన్ హాళ్లలో సౌండ్, లైట్లు చాలాసార్లు ఈవెంట్ కంపెనీవే ఉంటాయి. డీజే తెచ్చుకునేది కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌కు తగిలించి పాటలు కలిపే బోర్డు), ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్లు. చిన్న ఫంక్షన్ సొంతంగా ఒప్పుకుంటే బాక్సులు ఆ రోజుకు అద్దెకు తెచ్చి, ఆ అద్దె క్లయింట్ బిల్లులో వేయండి. సాధనకు ల్యాప్‌టాప్ చాలు. మిక్స్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. రెండు పాటల బీట్‌ను, దానంతట అదే కలిపే సింక్ బటన్ నొక్కకుండా చెవితో కలపడం, పల్లవి మధ్యలో కోయకుండా తర్వాతి పాటలోకి వెళ్లడం వీటితోనే వస్తాయి. నిధి 87,000 దాటాక ముప్పై వేలకు అటూ ఇటూగా దొరికే రెండు ఛానళ్ల కంట్రోలర్ రొక్కం పెట్టి కొనుక్కోండి, పయనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 లాంటిది మీకు ధారాళంగా సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకా మంచిది, కానీ మన ఊళ్లో ఒక జాగ్రత్త కావాలి. బీచ్ పక్కన ఈవెంట్లు చేసిన పరికరాలకు ఉప్పుగాలి తగిలి ఉంటుంది. పాట నడుస్తుండగా ఫేడర్‌ను (సౌండ్ పెంచి తగ్గించే జారుడు మీటను) ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా జరపండి. మధ్యలో చరచరమన్నా, సౌండ్ ఒక క్షణం ఆగి వచ్చినా వదిలేయండి. క్యూ బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పలుకుతుందేమో చూడండి. యూఎస్‌బీ కేబుల్ పెట్టి కాస్త కదపండి, కనెక్షన్ పోతే ఈవెంట్ మధ్యలో కూడా అలాగే పోతుంది.

మీరు ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయనిది బీమా. మీ జీతం చూస్తే మీకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ వైద్య బీమా) ఉండాలి, మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకూ అందులో వైద్యం అందుతుంది. రాజీనామా చేసిన కొన్ని నెలలకు అది ఆగిపోతుంది. అప్పుడు నాన్నగారికి కొత్త పాలసీ తీసుకుంటే, షుగర్ ముందే ఉంది కాబట్టి దానికి సంబంధించిన ఖర్చులకు మూడేళ్ల దాకా వేచి ఉండాల్సి రావచ్చు. అందుకే ఈఎస్‌ఐ నడుస్తుండగానే కుటుంబానికి ఆరోగ్య బీమా మొదలుపెట్టండి, షుగర్ సంగతి దాచకుండా రాయండి. ఆ వేచి ఉండే కాలం ఉద్యోగంలో ఉండగానే గడుస్తుంది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే దగ్గర ఉంచుకోండి, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి.

అర్ధరాత్రి దాటాక భీమిలి రోడ్డు మీద బైక్ వేసుకుని ఇంటికి వచ్చే పని ఇది. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమాలో 2 లక్షల ప్రమాద బీమా వస్తుంది, రేపే బ్యాంకులో చేరండి. దానిపైన, మంచాన పడితే వారం వారం డబ్బిచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోండి. చెవుల సంగతి మాత్రం బీమా చూసుకోదు. 85 డెసిబెల్స్ మోత ఎనిమిది గంటలు భరించవచ్చు, 100 డెసిబెల్స్ అయితే పావుగంటే. ఏళ్ల తరబడి మెల్లగా తగ్గిన వినికిడి ప్రమాదం కిందకు రాదు, ప్రమాద పాలసీ దానికి పైసా ఇవ్వదు. ఇయర్‌ప్లగ్స్ లేకుండా బాక్సుల ముందు నిలబడకండి.

చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్రా రుణం సంగతి పని నిలదొక్కుకున్నాక చూద్దాం. చీటీ మొదట్లోనే పాడుకోవడం కూడా అప్పే. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లు అత్యవసర నిధి నిండాకే.

ఉద్యోగం మానడానికి ఒక పరీక్ష పెట్టుకోండి. ఏడాది పాటు వారాంతాల్లో, సెలవుల్లో ఈవెంట్లు చేస్తూ ఖర్చులు పోను ఏ నెల ఎంత మిగిలిందో నోటుబుక్కులో రాయండి. అందులో ఆషాఢం, భాద్రపదం, పుష్యం మూడూ ఉండాలి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన మూడు నెలల సగటు ఎంతుందో చూసి, అప్పుడు అత్యవసర నిధి 1,30,500కు చేరి ఉంటే ఆ నోటుబుక్కు లెక్కలతో నాకు మళ్లీ రాయండి.