రొయ్యల గుంటల మీద వైర్‌లెస్ వేస్తానంటున్న మేనల్లుడికి

నాయనా,

బెంగుళూరు ఉద్యోగం మానేసి అల్లూరు, ఇస్కపల్లి వైపు రొయ్యల గుంటలకు వైర్‌లెస్ లైన్లు వేస్తానంటున్నావంట. నిన్న మీ అమ్మ ఫోన్‌లో ఏడుపూ నవ్వూ కలిపి చెప్పింది. గుంట గుంటకీ ఆక్సిజన్ మీటరు, కెమెరా, రైతు ఫోన్‌కి అలారం. సర్వీసంతా టెలిఫోన్ డిపార్టుమెంటు టవర్ల కింద గడిపినదాన్ని, మేనల్లుడు ఈ దారి పట్టాడంటే పొంగిపోకుండా ఎట్టా ఉంటాను? రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

తేలిక సంగతులు ముందు. వైఫై బ్యాండుకి లైసెన్సు అక్కర్లేదు గానీ ఊళ్లో నెట్ అమ్మాలంటే కావాలి, అది చూసుకో. ఎర్తింగ్ గట్టిగా వేయించు. ఉప్పుగాలికి మామూలు క్లాంపులు నిలవవు, స్టెయిన్‌లెస్‌వి కొను. సర్వి తోట పక్కన లింకు వేస్తే చెట్టు ఇవాళ్టి ఎత్తు కాదు, నరికేనాటి ఎత్తు చూసుకో.

ఇక అసలు సంగతి. కస్టమర్ "స్లో" అనగానే నీ చెయ్యి పవర్ పెంచడానికి పోతుంది. పోనీబాక.

మీ మామయ్య కథ నీకు సగమే తెలుసు. కోవూరులో ఒక రైసుమిల్లు డాబా మీద, పడుగుపాడులో ఇంకో మేడ మీద నాలుగు దిక్కులకూ కొట్టే ఓమ్ని యాంటెన్నాలు పెట్టి నెట్ ఇచ్చాడు కదా. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే, 1, 6, 11. మిగతా రెంటిలో బజారు వైఫైలు నిండిపోయాయని రెండు చోట్లా 6 మీదే పెట్టాడు. పగలంతా బాగానే ఉండేది. సాయంత్రం ఏడు కొడితే ఫోన్ల మీద ఫోన్లు. ఈయన పవర్ పెంచుతాడు. ఒకట్రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది, మళ్లీ ఫోన్లు. చివరికి నెల్లూరు ట్రంకురోడ్డులో ఎవరో అంటగట్టిన బూస్టర్లు, అంటే సిగ్నల్ బలం పెంచే డబ్బాలు, తెచ్చి బిగించాడు. ఆ బ్యాండులో యాంటెన్నా ఒక వైపుకి పోగేసే బలంతో (గెయిన్) కలిపి 4 వాట్లు దాటకూడదన్న రూలు ఆయనకి తెలియక కాదు. తెలుసు. మొండితనం.

జరిగిందేందంటే, వైఫై రేడియో మాట్లాడే ముందు చెవి పెట్టి వింటుంది. పక్కవాడి వైఫై మాట మైనస్ 82 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ పక్క అంకె తగ్గేకొద్దీ బలం ఎక్కువ) పాటి బలహీనంగా వినపడినా నోరు మూసుకుంటుంది. బూస్టర్ల పుణ్యాన కోవూరు మాట పడుగుపాడుకీ, అక్కడిది ఇక్కడికీ బ్రహ్మాండంగా వినపడసాగింది. ఎవరి ఇళ్లకి వాళ్లు ఒకేసారి పంపుకున్నా ఎవరికీ నష్టం లేని చోట, ఒకటి మాట్లాడితే రెండోది కాచుక్కూర్చుంది. రెండు టవర్లకి డబ్బు పోశాడు, ఒక టవరు పని జరిగింది. అది చాలదన్నట్టు, మిల్లుకి తూర్పునున్న ఇల్లూ పడమటనున్న ఇల్లూ ఒకదానికొకటి వినపడవు. ఎవరూ మాట్లాడట్లేదనుకుని రెండూ ఒకేసారి మిల్లుకి పంపితే, అక్కడ రెండూ కలిసి పాడైపోయేవి. పాడైంది మళ్లీ పంపాలి, ఛానల్ ఇంకా నిండాలి.

నేను చెప్పబోతే, "పవర్ తగ్గిస్తే లైను ఎట్టా పెరుగుద్దే? డిపార్టుమెంటు పెత్తనం ఇంట్లో చూపించబాక" అన్నాడు.

తర్వాత ఒక ఉరుముల రాత్రి మిల్లు మీది బూస్టరు కాలిపోయింది. రెండోది కూడా పోతుందేమోనని పడుగుపాడుదాన్ని ఆయనే పీకేశాడు. ఆ సాయంత్రం ఏడైంది, ఎనిమిదైంది, ఫోన్ మోగలేదు. లైనే చచ్చిపోయిందేమోనని ఈయనే కస్టమర్లకి ఫోన్ చేశాడు. "ఇయ్యాల బాగుందన్నా, ఏం చేశావు?" అన్నారంట. దూరాన ఉన్న కొన్ని ఇళ్లకి సిగ్నల్ పోయిందనుకో, వాటికి డిష్‌లు పెడితే సరిపోయింది. ఆయన మాత్రం కాలిన డబ్బా ఒళ్లో పెట్టుకుని మిల్లు మెట్ల మీద బనీనుతో కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను, ఏమీ అనలేదు. ఇప్పటిదాకా అనలేదు. నువ్వూ అనబాక.

చిన్నప్పుడు రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో నా చెయ్యి పట్టుకుని నిలబడ్డావు గుర్తుందా? ఒకరు చదువు రొట్టె అంటారు, పక్కనే ఇంకొకరు పెళ్లి రొట్టె అంటారు. వేలమంది ఒకేసారి ఇచ్చి పుచ్చుకుంటారు. ఎదుటి మనిషికి వినపడేంత గొంతుతో అడగబట్టే సాగుతుంది. అందరికీ కలిపి ఒకే మైకిచ్చి వరసలో రమ్మంటే మళ్లీ మొహర్రం వచ్చినా తెమలదు. నీ గుంటల మీదా అంతే. ఒక్క లైను ఎంత స్పీడన్నది కాదు, ఒకేసారి ఎన్ని మాటలు సాగుతున్నాయన్నది చూడు.

అందుకని ఓమ్ని జోలికి పోబాక. ఒక వైపుకే కొట్టే సెక్టార్ యాంటెన్నాలు పెట్టి కాస్త కిందికి వంచు, మాట నీ గట్లు దాటి పక్క టవరు దాకా పోకూడదు. 3 డీబీ తగ్గిస్తే పవర్ సగమవుతుంది. గుంట దగ్గర సిగ్నల్ తీసికట్టు కానంతవరకూ తగ్గించుకుంటూ రా. 5 గిగాహెర్ట్జ్‌లో 2018లో 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వదిలారు, అయినా 80 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానల్ పెట్టి స్పీడ్ టెస్ట్ చూసి మురిసిపోబాక. 20 పెడితే అదే చోటులో నాలుగు లైన్లు పక్కపక్కన నడుస్తాయి. ఒకే టవరు మీద వీపు వీపు ఆనించిన సెక్టార్లకి ఒకే ఛానల్ వాడాలంటే జీపీఎస్ టైముతో అన్నీ కలిసి పంపి, కలిసి వినే రకం కొను. ఒకటి పంపుతుంటే పక్కది వినాల్సి వస్తే దానికి ఏం వినపడుద్ది?

2021లో ఖరారైన వైఫై 6లో రంగులని ఒకటి పెట్టారు. ఒక్కో పెట్టె తన మాటలకి 1 నుంచి 63 లోపు ఒక నెంబరు తగిలిస్తుంది. వేరే నెంబరు మాట వినపడితే మైనస్ 82 దగ్గరే ఆగిపోనక్కర్లేదు, మైనస్ 62 దాకా పట్టించుకోకుండా తన మాట తను చెప్పుకోవచ్చు. అయితే చెవిని ఎంత మొద్దు చేసుకుంటే గొంతూ అంత తగ్గించాలని షరతు ఉంది. ఆ షరతు నాకు భలే నచ్చింది. మామయ్యకి చదివి వినిపించలేదు. పాత పెట్టెలకి ఈ రంగులు తెలియవు, కలిపి వాడితే లాభం తగ్గుద్ది.

గుంట నిండుగా ఉన్నప్పుడూ ఎండగట్టినప్పుడూ రెండుసార్లూ సిగ్నల్ కొలువు, నీటి మీద పడి తిరిగొచ్చేది అసలుదాన్ని తినేస్తుంది. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. వేసవిలో సముద్రం పక్కన రాత్రి వేళల్లోనే గాలి పొరల్లో చిక్కి ఎక్కడి సిగ్నలో కొట్టుకొస్తుంది, నీ రేడియో ఎవరో మాట్లాడుతున్నారనుకుని ఆగిపోతుంది. కెమెరా బొమ్మ ఆగితే ఏం కాదు, అలారం ఆగితే రైతు పంట పోతుంది. మీటర్లకి వేరే ఛానల్ పెట్టు.

ఇదంతా ఒక ఎత్తు, నాకు నిద్ర పట్టనిది వేరే. గుంట నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్ల కోసం గట్ల మీద లాగిన కరెంటు తీగలు చూశావా, కొన్నిచోట్ల చెయ్యెత్తితే తగులుతాయి. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైను తీయించి, తీశారని నీ కళ్లతో చూశాకే స్తంభం దగ్గరికి పో. ఇనప నిచ్చెన వద్దు. పైన ఒకరుంటే కింద ఒకరుండాలి, ఫోన్ చూసుకుంటూ కాదు. బెల్టు కొన్నావా? రేడియోల కన్నా ముందు అది కొను, డబ్బుల్లేకపోతే నేనిస్తా. ఈ పేరా మాత్రం మీ అమ్మకి చదివి వినిపించబాక.

అటక మీద మామయ్య తర్వాత కొన్న 5 గిగా సెక్టార్లు రెండున్నాయి, పాడవలేదు. అడిగితే ఇవ్వడు. ఆదివారం వచ్చి, నీ లింకుల మ్యాపు ఆయన ముందు పరిచి ఊరికే కూర్చో. తప్పులు పట్టుకుంటూ పట్టుకుంటూ ఆయనే నిచ్చెన వేసి దించుతాడు.

మీ అత్త