‘నయమైతది’ అంటే ఏది నయమైతది?

సందేహం: మా మేనత్తకు రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ‘కరెంటు (రేడియేషన్) పెడితే నయమైతది’ అని, ఒక్కరోజే పెట్టి పంపారు. రెండు వారాలకు నొప్పి తగ్గింది. ఇంట్లో అందరూ జబ్బే పోయిందనుకుంటున్నారు. ఇక్కడ ‘నయం’ తప్పు మాటా? ‘ఉపశమనం’ అనాలా?
– ఒక పాఠకురాలు, నకిరేకల్

సమాధానం: ‘నయం’ తప్పేమీ కాదు. ‘నిన్నటికంటే ఇయ్యాల జర నయముంది’ అంటే కాస్త మెరుగు. ‘కామెర్లు నయమైనయి’ అంటే పూర్తిగా పోయినయి. ఆసుపత్రి వాళ్లు మొదటి అర్థంలో అన్నారు, మీ వాళ్లు రెండో అర్థంలో విన్నారు. మన నల్లగొండ వైపు ‘తక్కువైంది’తోనూ ఇదే తంటా. ‘జ్వరం తక్కువైంది’ అంటే దిగిపోయిందనే అనుకుంటాం.

‘ఉపశమనం’ అర్థానికి సరిపోతుంది గానీ మంచం మీదున్న మనిషితో అనే మాట కాదు. ‘ఉప’ తీసేసి ‘శమన చికిత్స’ అనడం నాకు అసలే నచ్చదు. ఆయుర్వేదంలో ఆ మాట ఉన్నా, అమరకోశంలో శమనుడంటే యముడు. మనకు ‘నిమ్మళం’ ఉంది కదా! ‘పాణం నిమ్మళమైంది’ అంటే రోగం పోయిందని ఎవరూ అనుకోరు.

అసలు లోపం కర్త దగ్గరుంది. ‘నయమైతది’ సరే, ఏది? నొప్పా, క్యాన్సరా? కర్తను చెప్పకున్నా తెలుగు వాక్యం నిలబడుతుంది, కానీ ఇలాంటి చోట చెప్పి తీరాలి. ఎముకకు పాకిన క్యాన్సర్‌లో నొప్పి తగ్గడానికి 8 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) రేడియేషన్ ఒకే విడతలో ఇవ్వడం అందరూ ఒప్పుకున్న పద్ధతి. నొప్పి తగ్గించడంలో అది పలు విడతలకు తీసిపోదు, కాకపోతే కొందరికి మళ్లీ పెట్టాల్సి వస్తుంది. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, మొదటి రోజుల్లో నొప్పి పెరగనూ వచ్చు. క్యాన్సర్‌ను పూర్తిగా పోగొట్టడానికి ఇచ్చేది మాత్రం కాదు.

‘కరెంటు పెట్టడం’ జనం మాట, ఉండనివ్వండి. షాక్ కొట్టదని ఒక్క ముక్క చెబితే చాలు.

ఈ మాట దగ్గర ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. వెన్నెముకలో క్యాన్సర్ ఉన్నవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం ఆగినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. జబ్బు పోయిందనుకున్న ఇంట్లో వాటిని ఎవరు పట్టించుకుంటారు? అందుకని మీ వాళ్లతో ఇట్లా చెప్పండి: ‘కరెంటు పెట్టింది నొప్పికి. నొప్పి నిమ్మళమైంది. క్యాన్సర్ ఇంకా ఉంది. కాళ్లల్ల ఏ తేడా వచ్చినా ఎంటనే నాకు చెప్పున్రి.’