ఆ ఇంజిన్ లైటు సంగతి

బుజ్జీ,

కొరాపుట్‌లో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నావట, ఇంజిన్ లైటు వెలుగుతోందట, ఎందుకో నువ్వే కనిపెడతావట. మీ అమ్మ చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల బానెట్ ఎత్తుతోందంటే గర్వంగానే ఉంది. కానీ అదే కారులో పండక్కి సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్తావన్నప్పట్నుంచీ నాకు నిద్ర లేదు.

ముందు తాళం ఆన్ చేసి, స్టార్ట్ చెయ్యకుండా చూడు. ఆయిల్, బ్యాటరీ, ఇంజిన్ లైట్లు వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరాలి. ఏదైనా అసలు వెలగకపోతే అమ్మినవాడు బల్బు పీకేశాడేమో అనుమానించు.

పసుపు ఇంజిన్ లైటు నిలకడగా ఉంటే నెమ్మదిగా నడుపుకోవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం పక్కకు ఆపు. మిస్‌ఫైర్ అయి, అంటే ఇంజిన్లో పెట్రోలు సరిగ్గా అంటుకోక, ఆ కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది. నీది 2014 మోడల్ కాబట్టి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ పెడితే లోపమేంటో చెప్పే కోడ్ వస్తుంది, అది రాసుకో. రాసుకోకుండా చెరపకు.

జయపురంలో మీ మావయ్య స్పేర్‌పార్ట్స్ షాపు కౌంటర్లో కూర్చుని నేను చూసిందేమిటంటే, కోడ్ రాగానే సెన్సర్ కొనేస్తారు. వారం తిరక్కుండా అదే లైటుతో మళ్లీ వస్తారు. పీ0171 అంటే గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదని. చిన్న వాక్యూమ్ పైపు చిట్లి ఇంజిన్లోకి అదనపు గాలి దూరినా ఆ కోడే వస్తుంది. ముందు పైపులు తడిమి చూడు.

ఇక ఎర్ర ఆయిల్ లైటు. మీ నాన్న నీకు చెప్పి ఉండడు. నువ్వు పుట్టకముందు సాలూరు నుంచి ఘాట్ ఎక్కుతున్నాం, నేను వెనక సీట్లో. మలుపు తిరిగినప్పుడల్లా ఆ లైటు వెలగడం, రోడ్డు తిన్నగా రాగానే ఆరిపోవడం. "వైరు లూజులే" అన్నాడు అన్నయ్య. వైరూ కాదు, పాడూ కాదు. ఆయిల్ తగ్గిపోయింది. ఉన్న కాస్తా మలుపులో పక్కకు ఒరిగితే పంపు గాలి పీలుస్తోంది. పొట్టంగి ఇంకా రాకముందే ఇంజిన్లో టకటక మొదలైంది. మహానుభావుడు పాటల సౌండు పెంచాడు! కాసేపటికి కీచుమని ఇంజిన్ పట్టేసింది. ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీస్తే కొసన తడి కూడా లేదు. లారీకి తాడు కట్టి లాక్కొచ్చాం. నాలుగు డబ్బాల ఆయిల్‌తో పోయేది ఇంజిన్ మొత్తం విప్పేదాకా వచ్చింది. ఇప్పటికీ బండే మోసం చేసిందంటాడు. నీకూ ఆ మొండితనమే వచ్చింది, ముక్కుతో సహా.

ఆ లైటు ఒక్క క్షణం వెలిగినా పక్కకు తీసి ఇంజిన్ ఆపెయ్యి. సమంగా ఉన్న చోట కాసేపాగి డిప్‌స్టిక్ చూడు. ఆయిల్ సరిగ్గానే ఉన్నా మళ్లీ స్టార్ట్ చెయ్యకు, తాడు కట్టించు. హ్యాండ్‌బ్రేక్ దించినా ఎర్ర బ్రేక్ లైటు ఆరకపోతే ఆ కారు ఘాట్ దిగకూడదు, బస్సెక్కు. పెట్రోలు కలిసొస్తుందని దిగుడులో ఇంజిన్ ఆపే తెలివితేటలు అసలొద్దు, ఇంజిన్ సాయం లేక బ్రేకు పెడల్ తొక్కలేనంతగా రాయిలా బిగుస్తుంది.

కోడ్ ఇవాళే వాట్సాప్ చెయ్యి. ఏదైనా పార్ట్ కొనమంటే ముందు నాకు చెప్పు, మావయ్యతో హోల్‌సేల్ రేటుకి ఇప్పిస్తాను.

మీ అత్త