టాస్క్ షెడ్యూలింగ్ ప్రాజెక్టు తీసుకుంటే ప్లేస్‌మెంట్ పోతుందా?

ప్రశ్న: మాది టెక్కలి. మా అమ్మాయి విజయనగరంలో సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. ఫైనలియర్ ప్రాజెక్టుకి 'రియల్ టైమ్ సిస్టమ్స్‌లో ఫాల్ట్ టాలరెంట్ టాస్క్ షెడ్యూలింగ్' తీసుకోమని వాళ్ల సార్ చెప్పారట. తోటివాళ్లంతా ఏఐ, ఫుల్ స్టాక్ అంటున్నారు. దీనివల్ల ప్లేస్‌మెంట్ పోతుందేమోనని మా టెన్షన్. ఏం చేయమంటారు? - ఒక తండ్రి

జవాబు: ప్లేస్‌మెంట్ పోదండీ. క్యాంపస్‌కి వచ్చే పెద్ద ఐటీ కంపెనీలు ముందు చూసేది ఆప్టిట్యూడ్, కోడింగ్ టెస్టు. వాటికి అమ్మాయి ఎలాగూ తయారవ్వాలి. ప్రాజెక్టు పేరు కన్నా దాన్ని ఎలా చేస్తుందన్నదే చూడండి.

విషయం మీకూ కొంత తెలిస్తే అమ్మాయితో మాట్లాడటం సులువు. రైలు బ్రేకునో, కారు ఎయిర్‌బ్యాగునో నడిపే కంప్యూటర్‌లో ప్రతి పనికీ గడువు ఉంటుంది. లెక్క సరిగ్గా వచ్చినా, గడువు దాటి వస్తే పనికిరాదు. మధ్యలో లోపం వచ్చి ఒక పని చెడిపోతే దాన్ని మళ్లీ చేయాలి, అయినా ఏ పని గడువూ తప్పకూడదు. అందుకు కొంత సమయం ముందే ఖాళీగా ఉంచాలి. ఎంత ఉంచాలి, ఎక్కడ ఉంచాలి అన్నదే ఈ ప్రాజెక్టు.

100 మిల్లీసెకన్లలో రెండు పనులు ముగియాలి అనుకుందాం. ఒకదానికి 30, ఇంకోదానికి 20 పడుతుంది. రెండింటికీ విడివిడిగా బ్యాకప్, అంటే మళ్లీ చేసేందుకు సమయం, పెడితే మొత్తం 100 నిండిపోతుంది, ఇంకేం పట్టదు. ఒకసారికి ఒకే లోపం వస్తుందనుకుంటే 30 ఖాళీ ఉంచితే రెండింటికీ సరిపోతుంది, 20 మిగులుతుంది. ఆర్టీసీ డిపోలో ప్రతి బస్సుకీ ఒక స్పేర్ బస్సు పెట్టరు కదా, ఏది ఆగిపోతే దాని బదులు పంపడానికి కొన్నే ఉంచుతారు. రెండు పనులూ ఒకేసారి చెడితే ఈ లెక్క నిలబడదు. ఇంటర్వ్యూలో విషయం తెలిసినవాళ్లు పట్టుకునేది ఇక్కడే.

బ్యాకప్ ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియన్-5 రాకెట్ మొదటి ప్రయోగం సుమారు 40 సెకన్లకే విఫలమైంది. దిశ చెప్పే పరికరాలు అందులో రెండున్నాయి. రెండింటిలోనూ ఒకే సాఫ్ట్‌వేర్ ఉండటంతో ఒకే తప్పుకి రెండూ ఆగిపోయాయి. ఈ కథ అమ్మాయికి తప్పక తెలిసి ఉండాలి.

కాలేజీల్లో ఇలాంటి ప్రాజెక్టుల్లో నాకు నచ్చనిది ఒకటుంది. కంప్యూటర్‌లో సిమ్యులేషన్ నడిపి, నాలుగు గ్రాఫులు గీసి, బైండింగ్ చేయించేస్తారు. దానికి విలువ తక్కువ. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, దానిమీద గడువుల ప్రకారం పనులు నడిపే ఫ్రీఆర్‌టీఓఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. సీ భాషలో మూడు టాస్కులు రాసి, కావాలని ఒకదాన్ని చెడగొట్టి, గడువు తప్పిందో లేదో కొలిచి చూపించమనండి. తన సిస్టమ్ ఏ పరిస్థితిలో ఓడిపోతుందో కూడా రిపోర్టులో రాయాలి. చాలామంది ఆ భాగం దాచేస్తారు.

ఉద్యోగాల మాటకొస్తే, యంత్రాల లోపలి కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాసే ఈ 'ఎంబెడెడ్' రంగంలో ఫ్రెషర్లకి ఖాళీలు వెబ్ డెవలప్‌మెంట్‌లో ఉన్నన్ని ఉండవు. ఉన్నవి ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు లాంటి పెద్ద నగరాల్లోనే: ఆటోమొబైల్, రైల్వే సిగ్నలింగ్, రక్షణ, వైద్య పరికరాలు. 2023 అక్టోబరు 29న మీ అమ్మాయి చదివే జిల్లాలోనే కంటకాపల్లి దగ్గర రైలు ప్రమాదం జరిగాక అందరి నోటా వినిపించిన, రైళ్లు ఢీకొనకుండా చూసే 'కవచ్' ఇలాంటి వ్యవస్థే. దాన్ని మొదటి నుంచీ తయారుచేస్తున్న మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే.

ఇంట్లో జీతం వెంటనే అవసరమైతే క్యాంపస్‌లో వచ్చిన ఐటీ ఆఫర్ వదలొద్దు. ఆగగలిగితే ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాయించండి. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లోని షెడ్యూలింగ్ ఆ సిలబస్‌లో ఉన్నదే. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరినవాళ్లకి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. రెండేళ్లు ఎక్కువనుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల ఎంబెడెడ్ డిప్లొమా చూడండి, దానికి సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

ముందు మాత్రం వాళ్ల సార్‌ని ఒక మాట అడగమనండి: ప్రాజెక్టు బోర్డు మీదా, సిమ్యులేషన్ మాత్రమేనా? సిమ్యులేషన్ చాలంటే, సొంతంగా బోర్డు కొనుక్కుని అదీ చేస్తానని చెప్పమనండి.