రెండో కేబుల్ పోర్టు బ్లాక్ అవుతోందని ఎస్‌టీపీని ఆపేయవచ్చా?

దయచేసి ఆపకండి. స్విచ్‌ల మధ్య దారి వలయంగా మారకుండా అదనపు దారిని మూసి ఉంచే పద్ధతే ఎస్‌టీపీ (స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్). రెండు స్విచ్‌ల మధ్య రెండో కేబుల్ పెట్టగానే ఒక పోర్టు నారింజ రంగులోకి మారిందని, ఎస్‌టీపీ తీసేస్తే రెండూ పనిచేస్తాయా అని అడిగారు. ఆ పోర్టు పాడవలేదు. మొదటి కేబుల్ తెగితే అందుకోవడానికి సిద్ధంగా ఉంది.

ఐపీ ప్యాకెట్‌కు ఉన్నట్టు ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు టీటీఎల్ (ఎన్ని మజిలీల తర్వాత పడేయాలో చెప్పే అంకె) ఉండదు. దారి వలయంగా మారితే ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ (అన్ని పరికరాలకూ వెళ్లే సందేశం) చాలు, కేబుల్ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది. నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీ నెట్‌వర్క్ చూసేటప్పుడు ల్యాబ్‌లో ఎవరో ఒకే కేబుల్ రెండు కొసలనూ గోడ సాకెట్లకు తగిలించారు. అక్కడి స్విచ్‌లో ఎస్‌టీపీ లేదు. చూస్తుండగానే రెండు భవనాల్లో నెట్‌వర్క్ స్తంభించింది. స్విచ్‌లలోకి లాగిన్ కూడా కాలేక, కేబుళ్లు ఒక్కొక్కటే పీకుతూ వెతికాం.

ఎస్‌టీపీ కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించిన పద్ధతి. స్విచ్‌లు రెండేసి సెకన్లకు బీపీడీయూ సందేశాలు పంపుకుని, అతి తక్కువ బ్రిడ్జ్ ఐడీ (ముందు ప్రయారిటీ అనే అంకె, తర్వాత స్విచ్ సొంత మ్యాక్ అడ్రస్) ఉన్నదాన్ని రూట్‌గా, అంటే దారులన్నిటికీ మూలంగా, ఎన్నుకుంటాయి. మిగిలిన ప్రతి స్విచ్ రూట్‌కు తక్కువ ఖర్చుతో (లింకు వేగం పెరిగేకొద్దీ తగ్గే అంకె ఇది) చేరే పోర్టును ఉంచుకుంటుంది. పాత లెక్కలో 100 ఎంబీపీఎస్ లింకు ఖర్చు 19, గిగాబిట్‌ది 4. వలయం చేసే పోర్టు బ్లాక్ అవుతుంది. మీ రెండు కేబుళ్ల ఖర్చూ సమానమైతే రూట్ కాని స్విచ్, అవతలి స్విచ్ పోర్టుల సంఖ్యలు చూసి తేలుస్తుంది. అందుకే బ్లాక్ అయిన కొస రూట్‌కు దూరంగా ఉన్న స్విచ్ వైపే కనిపిస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది రూట్ విషయంలో. ప్రయారిటీ అన్నిటిలోనూ 32768గానే వదిలేస్తే మ్యాక్ అడ్రస్ చిన్నదైన స్విచ్ గెలుస్తుంది. చాలాసార్లు అది అందరికంటే పాతది. ఆ కాలేజీలోనే ఒక మూలనున్న 100 ఎంబీపీఎస్ స్విచ్ రూట్ అయి కూర్చుంది. రెండు కొత్త కోర్ స్విచ్‌లకూ దానితో 100 ఎంబీపీఎస్ లింకులే. వాటిని నేరుగా కలిపే గిగాబిట్ లింకు బ్లాక్ అయిపోయి, డేటా అంతా ఆ పాత స్విచ్ మీదుగా తిరిగేది. నెట్ నెమ్మదిగా ఉందని ప్రొవైడర్‌కు ఫిర్యాదుల మీద ఫిర్యాదులు వెళ్లాయి. ప్రధాన స్విచ్‌కు 4096, రెండోదానికి 8192 ప్రయారిటీ ఇస్తే సరిపోయింది. మీ స్విచ్‌లలో ఇప్పుడు రూట్ ఏదో ముందు చూడండి.

రెండు కేబుళ్లూ ఒకేసారి పనిచేయాలంటే రెండు వైపులా ఎల్‌ఏసీపీ (కేబుళ్లను ఒక్కటిగా కలిపి వాడే పద్ధతి) పెట్టండి. ఎస్‌టీపీకి రెండూ కలిసి ఒకే లింకుగా కనిపిస్తాయి. కాన్ఫిగరేషన్ రెండు చోట్లా పూర్తయ్యాకే రెండో కేబుల్ తగిలించండి.

పాత ఎస్‌టీపీలో పోర్టు తెరుచుకోవడానికి 30 సెకన్లు, ఒక్కోసారి 50 సెకన్లు పడుతుంది. 2001లో వచ్చిన, ఇంకా వేగంగా పనిచేసే కొత్త రూపం ఆర్‌ఎస్‌టీపీ మీ స్విచ్‌లలో ఉంటే అదే వాడండి. కంప్యూటర్లు తగిలించే పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా పెట్టి, వాటి మీద బీపీడీయూ గార్డ్ ఆన్ చేయండి. అప్పుడు ఎవరైనా అక్కడ చిన్న స్విచ్ తెచ్చి తగిలించినా, దాని నుంచి బీపీడీయూ రాగానే ఆ ఒక్క పోర్టే మూతపడుతుంది.